బోర్లా పెట్టిన రాయి

గుమ్మం పైన నీలం రంగుతో వేసిన సిలువను సువార్తమ్మ కొడవలి మొనతో గీకుతోంది. పెచ్చులు ఊడి ఆమె జుట్టు మీదా రెప్పల మీదా రాలుతున్నాయి. ఎత్తు చాలక ఖాళీ నూనె డబ్బా బోర్లించి ఎక్కింది. ఎడంచేత్తో ద్వారబంధం పట్టుకుని, కుడిచేత్తో గీకుతోంది. విజయవాడ బస్సు దిగి, అర కిలోమీటరు బురదలో నడిచి వచ్చిన ఎస్తేరు వాకిట్లోనే ఆగిపోయింది.

"చూత్తా నుంచుంటావేంటే? వచ్చి ఈ డబ్బా పట్టుకో. మూడింటికి వీఆర్వో గారొత్తారంట."

"నాన్న వేశాడమ్మా అది."

"నాకు తెల్దా? రంగు డబ్బా పట్టుకుని కింద నుంచుంది నేనే. పట్టుకో ముందు."

ఎస్తేరు చేతిసంచీ అరుగు మీద పెట్టి డబ్బా పట్టుకుంది. బెంజ్ సర్కిల్ దగ్గర ఓ ప్రైవేటు ఆసుపత్రిలో పన్నెండు గంటల డ్యూటీ దిగి, అటునుంచి అటే బస్సెక్కింది. కళ్ళు మండుతున్నాయి. ఎదురుగా తల్లి పాదాలు కనిపిస్తున్నాయి. నాట్ల బురదలో నానీ నానీ వేళ్ళ సందులు తెల్లగా పాసిపోయాయి. యాభై రెండేళ్ళ మనిషి, రోజుకి నాలుగొందల యాభై రూపాయల కూలికి పొద్దున్నించీ సందేళ దాకా నడుం వంచి నాట్లేస్తుంది. ఆ నడుం ఇంకెన్నాళ్ళు వంగుతుందో నర్సు చదివిన ఎస్తేరుకు బాగానే తెలుసు.

ఇదంతా దేనికంటే, ఉద్యోగానికి. గవర్నమెంటు ఆసుపత్రి నర్సు పోస్టులకి ఎంపికైన వాళ్ళ జాబితాలో, ఎస్సీ కోటాలో, ఎస్తేరు పేరొచ్చి ఇరవై రోజులైంది. ఎస్తేరు అని కాదులెండి, శివపార్వతి అని. చల్లపల్లికి ఇవతల ఉన్న ఆ పేటలో ప్రతి మనిషికీ రెండు పేర్లు. ఒకటి పిలుచుకోవడానికి, రెండోది కాగితానికి. ఆమోసు కూతుర్ని బడిలో వేసిన రోజు మాస్టారు మంచి మనసుతోనే చెప్పాడు, క్రైస్తవులని రాస్తే ఎస్సీ కాకుండా పోతార్రా, స్కాలర్‌షిప్పులూ ఉండవు, హాస్టలూ ఉండదు, ఏదన్నా దేవుడి పేరు పెట్టుకోండి అని. ఆమోసుకు తోచక నిలబడితే మాస్టారే శివపార్వతి అని రాసేశాడు. ఆమోసు కూడా కాగితంలో అంకయ్యే.

మతం మారితే కులం పోతుందట. చట్టం అలా అంటుంది. అబ్బ, పోతే ఎంత బాగుండేది! మూడు తరాల కిందట పేటంతా బాప్తిస్మం తీసుకున్నా, పేట మాత్రం కాలవ అవతలి పల్లంలోనే ఉండిపోయింది. శ్మశానం వేరుగానే ఉండిపోయింది. నాలుగేళ్ళ కిందట రొయ్యల చెరువు దగ్గర మోటారు ముట్టుకుని ఆమోసు కరెంటు కొట్టి చచ్చిపోతే, చెరువు ఆసామి కాలవ గట్టు మీదే నిలబడి పరామర్శించి వెళ్ళాడు. ఆయన పేటలో అడుగు పెట్టలేదు. క్రైస్తవుల ఇల్లు కదా, కులం లేదు కదా అని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేరు.

జాబితా వచ్చిన వారానికి పైఆఫీసుకు ఆకాశరామన్న అర్జీ ఒకటి వెళ్ళింది. శివపార్వతి హిందువు కాదు, క్రైస్తవురాలు, దొంగ సర్టిఫికెట్టు అని. దానికి ఒక ఫోటో జతచేశారు. అది ఆమోసు సమాధి రాయి ఫోటో.

ఆ రాయి వేయించింది ఎస్తేరే. మొదటి జీతం చేతికొచ్చిన నెలలోనే నల్లరాతి పలక కొని, పైన సిలువ, కింద పేరు చెక్కించింది. రాయి చెక్కే మనిషి కట్టించినవాళ్ళ పేరు కూడా వేయమంటారా అని అడిగాడు. పేటలో అది ఆనవాయితీ. ఎస్తేరు ఒక్క క్షణం ఆలోచించి, 'కుమార్తె ఎస్తేరు అను శివపార్వతి' అని వేయించింది. నాన్న దగ్గరైనా రెండు పేర్లూ ఒకచోట ఉండాలని, ఒకటి దాచి ఒకటి చూపించే బాధ అక్కడైనా తప్పాలని ఆ పిల్ల అనుకుంది. అదే కొంప ముంచింది.

గుమ్మం మీద సిలువ పోయింది. పోయిన చోట సిలువ ఆకారంలోనే తెల్లటి మచ్చ మిగిలింది. సువార్తమ్మ దాని మీద మామిడాకులు కట్టింది.

"కాళ్ళు కడుక్కురా, అన్నం పెడతా," అంది.

ఎస్తేరు పంపు దగ్గరికి వెళ్ళింది. పంపు కింద కొత్త బండ ఉంది. ఇదివరకు అక్కడ పగిలిన సిమెంటు పలక ఉండేది. ఈ బండ నల్లగా, నున్నగా, అంచులు తీర్చినట్టు ఉంది. కాలు పెట్టబోయి ఆగింది. వంగి అంచు తడిమింది. మూల దగ్గర చిన్న పెచ్చు లేచిపోయిన గుర్తు వేలికి తగిలింది. రాయిని ఆటోలోంచి దించేటప్పుడు తనే జారవిడిచింది, అప్పుడు లేచిన పెచ్చు.

"అమ్మా!"

సువార్తమ్మ కంచంలో అన్నం వడ్డిస్తూ తల ఎత్తలేదు. "అరవమాక. తెల్లారగట్ల యేసుబాబు చిన్నాన్నా నేనూ ఇంకో ఇద్దరూ కలిసి తెచ్చాం. పారేయటానికి మనసొప్పలా. ఇంట్లో పెడితే కనపడుద్ది. అందుకని బోర్లా పెట్టిచ్చా. అక్షరాల కింద మెత్తగా ఇసక పోశాలే, చెడిపోవు."

"నాన్న పేరమ్మా..."

"నేను కాలు పెట్టలేదే," అంది సువార్తమ్మ. "పొద్దున్నించీ పంపు కింద కాలు పెట్టలా. చిన్నాన్న వాళ్ళ పంపు దగ్గరే కడుక్కుంటన్నా. నువ్వూ తొక్కమాక."

ఎస్తేరు కంచం పక్కకు జరిపింది. తల్లి మీద కోపం రావాలి, రాలేదు. గునపం పట్టి ఆ రాయి పెకలించేటప్పుడు ఆమె గుండె ఎన్ని ముక్కలైందో ఊహించడానికే భయమేసింది. గోడ మీద యేసు పటం ఉన్న మేకుకు ఇప్పుడు కనకదుర్గమ్మ పటం ఉంది. చల్లపల్లిలో అరవై రూపాయలకి కొనుక్కొచ్చింది. ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు. నాన్న పాటల పుస్తకం ఎక్కడుందని అడిగితే సువార్తమ్మ బియ్యం డబ్బా వైపు చూపించింది.

చర్చి సంఘం కాపరి జాన్‌బాబు అయ్యగారు రెండింటికి వచ్చాడు. మోటారు సైకిలు సందు మొదట్లోనే ఆపి, నడిచి వచ్చాడు. వచ్చినవాడు కూర్చోలేదు.

"ఎస్తేరమ్మా, దిగులు పడమాక. వాళ్ళు అడిగింది చెప్పి సంతకం పెట్టేయ్. దేవుడు కాగితం చూడడమ్మా, హృదయం చూత్తాడు."

"బాప్తిస్మం రోజు కాలవలో నుంచోబెట్టి, మనుషుల ముందు నన్ను ఒప్పుకుంటావా అని ఆయన అడుగుతున్నాడు అన్నారు కదండీ అయ్యగారూ. ఒప్పుకుంటానన్నాను. మీరే మూడుసార్లు చెప్పించారు."

జాన్‌బాబు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. మంచి మనిషి. పేటలో ఎవరికి జ్వరం వచ్చినా అర్ధరాత్రయినా బండి తీసేవాడు. అబద్ధం ఆడటం ఆయనకు చేతకాదు, అందుకే నేల చూస్తూ నిజం చెప్పాడు.

"మా అబ్బాయి సర్టిఫికెట్టూ అలాంటిదేనమ్మా. నేనే దగ్గరుండి రాయించా. ఏం చెయ్యమంటావు? వాడి చదువు ఆగిపోద్దే! నిన్ను తప్పు పట్టే నోరు నాకు లేదు, నువ్వు సంతకం పెట్టకపోతే మెచ్చుకునే మొహమూ లేదు." కాస్త ఆగి, "ప్రార్థన చేసి వెళ్దామనుకున్నా. వాళ్ళొచ్చే టైమైంది, వద్దులే," అని గబగబా వెళ్ళిపోయాడు.

సువార్తమ్మ కొంగుముడి విప్పి బొట్టు బిళ్ళల అట్ట తీసింది. "నాకెటూ అక్కర్లా, మొగుడు పోయినదాన్ని. నువ్వు పెట్టుకో." ఎస్తేరు కదలకపోతే తనే ఒక బిళ్ళ ఊడదీసి, కూతురి నుదుటి మీద అంటించింది. సరిగ్గా మధ్యకి రాలేదు. మళ్ళీ తీసి అంటించింది. ఎస్తేరు కళ్ళు మూసుకుని అంటించనిచ్చింది. నిన్న ఫోన్లో సరేనంది మరి. అమ్మ ఏడుస్తుంటే ఎవరు మాత్రం కాదనగలరు?

వీఆర్వో వెంకటకృష్ణారావు మూడు దాటాక వచ్చాడు. వెనక గ్రామ సేవకుడు రత్తయ్య ఫైలు పట్టుకుని ఉన్నాడు. యేసుబాబు తన ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. సువార్తమ్మ కూల్‌డ్రింకు సీసా తెచ్చి, మూత ఆయన ఎదురుగానే తీసి ఇచ్చింది. పేటకు వచ్చిన పెద్దమనుషులకి అలాగే ఇవ్వాలి. గ్లాసులో పోయకూడదు, మంచినీళ్ళు అడగకూడదు. ఇది ఎవరూ నేర్పకుండానే పేటలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆయనా ఎవరూ నేర్పకుండానే సీసా అందుకుని, పెదాలకు తగలకుండా పైనుంచి పోసుకున్నాడు.

"చూడమ్మా శివపార్వతీ," అన్నాడు మూతి తుడుచుకుని. "నాకు నీ మీద కక్షేం లేదు. ఇక్కడెవరు ఏంటో నాకు తెలీదా? పైనుంచి ఎంక్వయిరీ అన్నారు కాబట్టి నాలుగు ముక్కలు రాసుకెళ్ళాలి. రాసి పంపిస్తే నీ ఉద్యోగం నీకొస్తుంది. లేదనుకో, సర్టిఫికెట్టు రద్దు చేస్తారు, ఉద్యోగం పోతుంది, కేసు కూడా పెడతారు. సాక్షులెవరు?"

"నేనండి," అన్నాడు యేసుబాబు.

"పేరు?"

"యేసు..." అని నాలిక కరుచుకున్నాడు. "కార్డులో వెంకటేశ్వర్లండి."

రత్తయ్య కిసుక్కున నవ్వాడు. వెంకటకృష్ణారావు నవ్వకుండా వెంకటేశ్వర్లు అనే రాసుకున్నాడు. తర్వాత సువార్తమ్మ వైపు తిరిగాడు.

"మీ ఆయన పేరేంటమ్మా?"

సువార్తమ్మ యేసుబాబు వైపు చూసింది. మొగుడి పేరు ఆమె ఏనాడూ నోటితో పలకలేదు. రేషన్ షాపులోనైనా, బ్యాంకులోనైనా పక్కనున్నవాళ్ళే చెప్పేవాళ్ళు. ఆమోసు శవాన్ని పీనుగల పెట్టెలో పెట్టి మూత బిగిస్తుంటే కూడా, మావా మావా అనే ఏడ్చింది తప్ప పేరు అనలేదు.

"నోటితో చెప్పాలమ్మా, స్టేట్‌మెంటు ఇది."

"అంకయ్యండి," అంది సువార్తమ్మ. అది ఆయన పేరు కాదు కాబట్టి నోరు తిరిగింది.

"క్రైస్తవుడా?"

"కాదండి."

"చర్చికి వెళ్ళేవాడా?"

"ఎరగనండి."

"ఈ ఫోటోలో రాయి మీ ఆయనదేనా?"

సువార్తమ్మ ఫోటో చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది. చదువు రాకపోయినా ఆ అక్షరాలు ఆమెకు తెలుసు. ప్రతి ఆదివారం కొబ్బరిపీచుతో తోమి, ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చూసుకునేది.

"ఎవరిదోనండి. మాకు తెల్దు."

ఎస్తేరు గోడకు ఆనుకుని కూలబడినట్టు కూర్చుంది. చిన్నప్పుడు గుడ్ ఫ్రైడే నాటికల్లో పనిపిల్ల వేషం ఎప్పుడూ తనదే. చలిమంట దగ్గర నిలబడి, ప్రభువును ఎరగనని ముమ్మారు బొంకిన శిష్యుణ్ణి చెయ్యెత్తి అడగాలి, నువ్వూ ఆయన మనిషివే కదా అని. ఆ శిష్యుడంటే తనకు భలే కోపం. నాటకం అయ్యాక కూడా ఆ వేషం వేసిన అబ్బాయితో మాట్లాడేది కాదు. పిచ్చి మొహం, ఆ శిష్యుడికీ ఇంటి దగ్గర ఒక తల్లి ఉండి ఉంటుందని అప్పుడు తట్టలేదు. నాటకంలో ఆ శిష్యుడు మూడోసారి బొంకగానే కోడి కూసేది. ఇక్కడ కోడి కూయలేదు. మధ్యాహ్నం మూడున్నరకి కోళ్ళు కూయవు.

వెంకటకృష్ణారావు కాగితం ఎస్తేరు ముందు పెట్టాడు. "మీ అమ్మ చెప్పిందే నీ పేరుతో రాశాను. నేను క్రైస్తవ మతం ఎన్నడూ స్వీకరించలేదు, చర్చికి వెళ్ళను, ఫోటోలోని సమాధితో మాకు సంబంధం లేదు, అంతే. చదువుకుని సంతకం పెట్టు. ఈలోగా నేను శ్మశానం చూసొస్తా. అక్కడ రాయి లేదని రాయాలి కదా, లేనిది చూసే రాయాలి." రత్తయ్యనీ యేసుబాబునీ తీసుకుని కాలవ గట్టు వైపు వెళ్ళాడు.

తల్లీ కూతుళ్ళు మిగిలారు.

"పెట్టమ్మా," అంది సువార్తమ్మ. పక్కన చతికిలబడి కూతురి మోకాలి మీద చెయ్యి వేసింది. "నీకోసమే అనుకుంటన్నావేమో, నాకోసం పెట్టు. నా వల్ల కావట్లేదే. నిన్న చేలో కూర్చుంటే లేవలేకపోయా. పక్కమడి రావమ్మ లేవదీసింది. నీకు చెప్పలా."

"అమ్మా, ఎరగనని ఎట్టా రాయను? ప్రభువుని ఎరగబట్టే కదా నాన్న పోయినప్పుడు నేను బతికింది."

"ఆయనకి తెల్సులే. నా బిడ్డ ఎరగనన్నా ఆయన అలగడు. ఆయన మనసు నాకు తెలుసు."

తల్లిని ప్రేమించమన్నదీ ఆయనే, అవునంటే అవునని, కాదంటే కాదని ఉండమన్నదీ ఆయనే. రెండూ ఒకేసారి ఎట్లా చెయ్యాలో చెప్పకుండా వెళ్ళిపోయాడు. ప్రభువా, నన్ను ఇంత చిన్న ఇంట్లో పెట్టి ఇంత పెద్ద ప్రశ్న అడుగుతావేం అనుకుంది. కళ్ళల్లోంచి నీళ్ళు కాగితం మీద పడకుండా పక్కకి తిరిగి తుడుచుకుంది. తల్లి చెయ్యి ఇంకా మోకాలి మీదే ఉంది. అరచెయ్యంతా కొడవలి కాయలు.

కలం మూత తీసింది. 'శి' అని రాసింది.

అప్పుడే వాళ్ళు తిరిగి వచ్చారు. వెంకటకృష్ణారావు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని ఉన్నాడు. శ్మశానం దారి అలా ఉంటుంది మరి, పేట పుట్టినప్పట్నించీ దాని మీద తట్టెడు కంకర పడలేదు. "ఛీ ఛీ, ఏం బురదమ్మా ఇది," అంటూ తిన్నగా పంపు దగ్గరికి నడిచి, నల్లబండ ఎక్కి నిలబడ్డాడు. "కొంచెం నీళ్ళు కొట్టమ్మా."

యేసుబాబు ఎక్కడివాడక్కడ నిలబడిపోయాడు. సువార్తమ్మ లేచింది. చెంబు తీసుకుని, పంపు కొట్టి, నింపి, వంగి ఆయన పాదాల మీద పోసింది. నల్లటి బురద బండ మీదుగా కారుతోంది. ఆయన ఒక కాలితో ఇంకో కాలు రుద్దుకుంటున్నాడు. మడమ బండకేసి తోముకుంటున్నాడు. సువార్తమ్మ పోస్తూనే ఉంది. పెదవులు గట్టిగా బిగించి, కళ్ళు మాత్రం ఎటో కాలవ వైపు తిప్పుకుని పోస్తోంది.

"అయిందామ్మా సంతకం?" అన్నాడాయన అక్కణ్ణించే.

ఎస్తేరు లేచి నిలబడింది. కాగితం ఒక చేతిలో, కలం ఒక చేతిలో ఉన్నాయి.

"సార్, కాస్త దిగండి."

"ఆఁ?"

"ఆ బండ దిగండి సార్. అది మా నాన్న."

వీఆర్వోకి వెంటనే అర్థం కాలేదు. ఆయన కిందికి చూశాడు, తన తడి పాదాల వైపు, నల్లటి నునుపు వైపు, తీర్చిన అంచు వైపు. ఫైల్లో ఉన్న ఫోటో గుర్తొచ్చింది కాబోలు, నిప్పు తొక్కినట్టు గబుక్కున పక్కనున్న బురదలోకి దిగాడు. కడుక్కున్న కాళ్ళు మళ్ళీ బురదయ్యాయి.

"ఆయన పేరు ఆమోసు," అంది ఎస్తేరు. ఏడుస్తోంది, కానీ మాట తప్పడం లేదు. "నేను ఎస్తేరు. చర్చికి వెళ్తాను సార్. చర్చికి వెళ్ళినా ఈ పేటలోనే ఉంటున్నాం, ఆ శ్మశానంలోనే పూడుస్తున్నాం, మీకు సీసా మూత ఎదురుగానే తీసి ఇస్తున్నాం. అదీ రాయండి. నేను ఎవరో ఎరగనని మాత్రం సంతకం పెట్టను."

"పిచ్చిపిల్లా, నోటిదాకా వచ్చిన కూడు కాలదన్నుకుంటావా?" అన్నాడు వెంకటకృష్ణారావు. ఆయన గొంతులో కోపం కన్నా కంగారే ఎక్కువుంది. ఎస్తేరు కాగితం ఆయన చేతికిచ్చింది. సంతకం చోట ఒక్క 'శి' ఉంది. ఆయన దాన్ని చూసి, ఏం చెయ్యాలో తెలీక, మడిచి ఫైల్లో పెట్టుకున్నాడు. "సోమవారం దాకా ఆగుతాను. ఆలోచించుకోండి," అని రత్తయ్యను తీసుకుని వెళ్ళిపోయాడు.

సువార్తమ్మ చేతిలో చెంబు ఖాళీ అయింది. ఇంకా వంచి పట్టుకునే ఉంది. ఎస్తేరు దగ్గరికి వెళ్ళి "అమ్మా" అని భుజం ముట్టుకుంటే విదిలించుకుంది. తిట్టలేదు, కొట్టలేదు. కొట్టినా బాగుండును అనిపించింది ఎస్తేరుకు. సువార్తమ్మ ఇంటి వెనక్కి వెళ్ళి, పొద్దున రాయి పెకలించిన గునపం ఈడ్చుకుంటూ తెచ్చింది. కూతురి కాళ్ళ దగ్గర ధన్‌మని పడేసింది. లోపలికి పోయి తలుపు వేసుకుంది.

ఎస్తేరు గునపం మొన బండ కింద దూర్చి, ఒళ్ళంతా వేసి నొక్కింది. బండ కదల్లేదు. నలుగురు మోసుకొచ్చిన రాయి అది. నుదుటి మీద చెమటకు బొట్టు బిళ్ళ జారి కనుబొమ్మ మీద ఆగింది. యేసుబాబు రెండడుగులు ముందుకేసి, సందులోకి ఒకసారి చూసి, మళ్ళీ ఆగిపోయాడు. ఎస్తేరు ఇంకోసారి నొక్కింది.

అప్పుడు లోపల్నించి సువార్తమ్మ ఏడుపు వినిపించింది. మావా అనడం లేదు. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా నోటితో అనని పేరు, తలుపుకు తల ఆనించి, పేటంతా వినేలా పిలుస్తోంది.

"ఆమోసూ... ఓ ఆమోసూ..."